96 మోడల్ మారుతి 800: మూడో ప్లగ్గు ఎందుకు తడిగా ఉంది?

బండి వివరాలు ముందు రాస్తున్నా. 1996 మారుతి 800, కార్బ్యురేటర్ మోడల్, 796 సీసీ, మూడు సిలిండర్లు. మా బావ దగ్గర కొన్నది. మీటరు ఎప్పుడో ఒక చుట్టు తిరిగిపోయింది కాబట్టి ఇంజన్ ఎంత నడిచిందో చెప్పలేను. నల్గొండ నుంచి దేవరకొండకు వారానికి మూడు సార్లు పోయి వస్తా. అదే దీని పని.

జబ్బు లక్షణాలు: పొద్దున స్టార్ట్ చేయగానే ఒక గుప్పెడు నీలం పొగ. సిగ్నల్ దగ్గర నిలబడితే మిస్సింగ్, అంటే ఇంజన్ మధ్యమధ్యలో ఒక పేలుడు తప్పుతుంది. 1,100 కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిల్ పోయాల్సి వస్తోంది. ఒకసారి కొండమల్లేపల్లి దగ్గర ఆగి మళ్లీ అందుకోలేదు.

మెకానిక్ ఉస్తాద్ స్పార్క్ ప్లగ్గులు విప్పి ఒక్క చూపు చూసి తేల్చేశాడు. "మూడోది ఆయిల్ తాగుతుంది సార్. రింగులు పోయినయ్. ఇంజన్ దించాలె, బోర్ చెయ్యాలె. ఇరవై ఎనిమిది వేలు పట్టుకోండి." (రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండి గాలినీ ఆయిల్‌నూ ఆపేవి. బోర్ చెయ్యడమంటే అరిగిన సిలిండర్ గోడను చెక్కి సరిచేయడం.)

"ఒక నెల ఆగు ఉస్తాద్, చూసి చెప్తా" అన్నా. ఆ నెలలో ఏం చూశానో, ఎక్కడ తప్పు చూశానో ఈ డైరీ. ఇదే బండి ఉన్నవాళ్లు కొలతలు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

దశ 1: సాక్ష్యం కడిగేశారు

నేను ఉస్తాద్‌తో మాట్లాడుతుండగానే షెడ్డులో పిల్లగాడు మూడు ప్లగ్గులనూ పెట్రోల్లో ముంచి, ఇనుప బ్రష్షుతో మెరిసేలా తోమేశాడు. వాడు మంచికే చేశాడు. కానీ ఏ ప్లగ్గు మీద ఏ మసి ఉందో, ఏ పక్కన ఉందో అంతా పోయింది. పైగా మూడింటినీ ఒకే రేకు మీద పడేశాడు, ఏది ఏ సిలిండర్‌దో తెలియలేదు. మూడోదాన్ని మాత్రం అంచు లోపల మిగిలిన ఆయిల్ చెమ్మను బట్టి గుర్తుపట్టా. దాన్ని మూడులోనే బిగించి, మిగతా రెండూ అందాజాగా వేసి, మళ్లీ మసి పట్టడానికి 400 కిలోమీటర్లు తిరగాల్సి వచ్చింది.

ఇనుప బ్రష్షుతో ఇంకో నష్టం ఉంది. తెల్ల పింగాణీ మీద బ్రష్షు లోహం గీతలు గీస్తుంది, ఆ గీతల మీదుగా కరెంటు జారిపోతుంది. తోమిన రోజు మిస్సింగ్ ఎక్కువైందంటే నాకు ఆశ్చర్యం లేదు.

రెండోసారి నేనే విప్పా. వరుస ఇది:

1. బండి రాత్రంతా ఆగి ఉండాలి. అల్యూమినియం హెడ్ (సిలిండర్ల పైమూత, ప్లగ్గులు బిగేది దీనికే), వేడి మీద విప్పితే మరలు దెబ్బతింటాయి.
2. ప్లగ్గు గుంటలో దుమ్ము గాలితో ఊదాలి. మన గ్రానైట్ లారీల రోడ్ల మీద తిరిగే బండ్లలో అక్కడ చెంచాడు ఇసుక ఉంటుంది. ఊదకుండా విప్పితే అది నేరుగా సిలిండర్లోకే పోతుంది.
3. వైరు పట్టి లాగొద్దు, రబ్బరు టోపీ పట్టి మెలితిప్పి లాగాలి.
4. టైమింగ్ బెల్టు వైపు నుంచి ఒకటి, రెండు, మూడు. కోడిగుడ్ల అట్టలో గుంటలకు నంబర్లు వేసి, విప్పింది విప్పినట్టు అందులో పెట్టా.
5. బిగించాక ప్లగ్గు మీద ఇన్‌లెట్ వైపు (పెట్రోల్, గాలి లోపలికొచ్చే వైపు) ఎటుందో మార్కర్‌తో చుక్క. ఈ చుక్కే తర్వాత నన్ను కాపాడింది.

సామాను: లోపల రబ్బరు ఉన్న 21 మి.మీ. ప్లగ్గు సాకెట్ 180, ఫీలర్ గేజ్ 120, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం 150.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 450.

దశ 2: రంగు కంటే ముందు అంకెలు

రంగు చూడాలని అందరికీ ఆత్రం. నేను ముందు గ్యాప్ (రవ్వ దూకే రెండు మొనల మధ్య ఖాళీ) కొలిచా, తర్వాత పింగాణీ మీద అచ్చు వేసిన నంబరు చదివా. నెల మొత్తంలో అన్నిటికంటే విలువైన సంగతి అక్కడే దొరికింది.

గ్యాప్ ఇలా ఉంది (నేను పెట్టుకునేది 0.8 మి.మీ.):
ఒకటి: 1.00 మి.మీ.
రెండు: 1.00 మి.మీ.
మూడు: 0.85 మి.మీ.

ఒకటి, రెండు ప్లగ్గుల నడి మొన అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. మూడోదాని అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. ఒకే ఇంజన్‌లో ఒకే రోజు వేసిన మూడు ప్లగ్గులు ఇంత తేడాగా అరగవు. అంటే మూడోదాన్ని మధ్యలో ఎవరో విడిగా మార్చారు. నంబరు చూస్తే ఒకటి, రెండు ఎన్జీకే బీపీఆర్ 5 ఈఎస్. మూడోది బీపీఆర్ 4 ఈఎస్.

ఆ 5, 4 అనేవి హీట్ రేంజ్. ప్లగ్గు కొన తన వేడిని హెడ్‌కు ఎంత త్వరగా దించుకుంటుందో ఆ అంకె చెబుతుంది. ఎన్జీకేలో అంకె తగ్గేకొద్దీ ప్లగ్గు వేడిగా ఉంటుంది. వేడి ప్లగ్గులో లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటుంది, వేడి తొందరగా బయటికి పోదు. కొన దాదాపు 450 డిగ్రీలు దాటితే మసిని తనే కాల్చుకుంటుంది. 800 దాటితే మాత్రం నిప్పురవ్వ పడకముందే పెట్రోల్ ఆ వేడికి అంటుకునే ప్రమాదం. ఈ రెండింటి మధ్యే ప్లగ్గు బతకాలి.

ఆయిల్ ఎక్కే సిలిండర్లో వేడి ప్లగ్గు వేస్తే ఆ ఆయిల్ కాలిపోయి కొన్నాళ్లు మిస్సింగ్ ఆగుతుంది. అంటే ఈ బండికి మూడో సిలిండర్లో ఆయిల్ ఎక్కుతోందని నాకంటే ముందే ఎవరికో తెలుసు. జబ్బు తీయకుండా ప్లగ్గు మార్చి సర్దారు. బావను అడిగితే ఆయనకూ తెలియదు, ఆయనా రెండో చేతి మీదే కొన్నాడు. రంగులు చూసుకుంటూ కూర్చుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

దుకాణానికి పోయేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బాష్‌లో అంకెల లెక్క దీనికి తలకిందులు. అక్కడ అంకె పెరిగితే వేడి ప్లగ్గు. మన దగ్గర పాతవాళ్లు ఇప్పటికీ "మైకో ప్లగ్గు" అని అడిగేది ఆ కంపెనీదే, 2008 దాకా దాని పేరు మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ. ఎన్జీకే 5 బదులు బాష్ 5 ఇవ్వమని అంకె చూసి తెచ్చుకుంటే తేడా పడుతుంది. పట్టిక చూసే మార్చాలి.

ఇక్కడ ఒక పొరపాటు చేశా, అదీ రాస్తున్నా. రెండో ప్లగ్గు బయట, తెల్ల పింగాణీ ఇనుప నట్టులో దిగే చోట, చుట్టూ గోధుమరంగు మరక ఉంది. "గ్యాస్ లీకై బయటికి కొడుతోంది" అనుకుని ఒక పూట బాధపడ్డా. అది లీకు కాదు. ఎక్కువ వోల్టేజీ చుట్టూ గాలిలోని ఆయిల్ తుంపరలు, దుమ్ము అతుక్కుని ఏర్పడే మరక, కరోనా మరక అంటారు. ప్లగ్గుకు దానివల్ల ఏమీ కాదు.

అసలు చెడు గుర్తు మూడోదాని బయట ఉంది. పింగాణీ గాడుల మీద నిలువునా సన్నటి నల్లగీత, పెన్సిల్‌తో గీసినట్టు. రబ్బరు టోపీ చిట్లి, కరెంటు లోపల రవ్వ పడకుండా బయటినుంచే బాడీకి దూకిన దారి అది. వైర్ల సెట్టు మార్చా, 420. ఐడిలింగ్‌లో మిస్సింగ్ సగం తగ్గింది. ఆయిల్ మాత్రం తగ్గలేదు.

మూడూ కొత్తవి, మూడూ 5 నంబరువే వేశా, 390. మూడోది నల్లబడుతుందని తెలిసే వేశా, నాకు కావాల్సింది దాచని జవాబు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 1,260.

దశ 3: తెలుపు చూసి మోసపోయా

ఈ దశ మొత్తం నా తప్పే. వారం రోజులు, 560 రూపాయలు పోయాయి.

కొత్త ప్లగ్గులతో 300 కిలోమీటర్లు తిరిగి విప్పితే మూడోది నల్లగా, వేలికి జిడ్డుగా. అనుకున్నదే. ఒకటి, రెండు దాదాపు తెల్లగా ఉన్నాయి. గోడలకు అంటించే ప్లగ్గు పటాలన్నిటిలో "మంచి ప్లగ్గు కాఫీరంగు, తెల్లది పెట్రోల్ తక్కువ" అని ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) కదా, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, పాత కార్బ్యురేటర్‌కు ఆ తేడా తెలియదు, మిశ్రమం పలచబడింది అని లెక్క కట్టుకుని మెయిన్ జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ పోయే రంధ్రం ముక్క) ఒక సైజు పెద్దది వేయించా.

ఫలితం: లీటరుకు 16 వచ్చే మైలేజి 13కు దిగింది. పొద్దున పెట్రోల్ వాసన. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడి ఇంటికొచ్చి విప్పితే మూడు ప్లగ్గులూ పొడిమసితో నల్లగా, వేలితో తుడిస్తే ఊడొచ్చేలా.

రెండు చోట్ల తప్పా.

ఒకటి, ఆ కాఫీరంగు పటాలు సీసం కలిపిన పెట్రోల్ రోజులవి. ఆ రంగులో సీసం, అప్పటి మందుల వాటా చాలా ఉంది. మన దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే. అది ప్లగ్గుకు అంత రంగు పట్టించదు. మామూలుగా నడిచే ఇంజన్‌లో ముక్కు తెల్లగానో, లేత బూడిదరంగులోనో ఉండటం ఇప్పుడు సహజం. పెట్రోల్ నిజంగా తక్కువై వేడెక్కితే తెలుపుతోపాటు వేరే గుర్తులు ఉంటాయి: ముక్కు మీద బుడగలు, మొన అంచు కరిగినట్టుండటం, భూతద్దంలో మిరియప్పొడిలా నల్లచుక్కలు, లేదా సూదిమొనంత అల్యూమినియం పూసలు. చివరి రెండూ నాకింగ్ (సిలిండర్లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) గుర్తులు, కనిపిస్తే బండి ఆపేయాలి. నావాటి మీద ఇవేవీ లేవు.

రెండు, ట్రాఫిక్‌లో నిలబడ్డ బండి ప్లగ్గు ఆ పది నిమిషాల కథే చెబుతుంది. లోడ్ మీద మిశ్రమం ఎలా ఉందో తెలియాలంటే లోడ్ మీదే ఇంజన్ ఆపి చూడాలి. పాత జెట్ తిరిగి వేసి, ఆదివారం పొద్దున ఆరింటికి అద్దంకి హైవే మీద తిప్పర్తి వైపు ఇలా చేశా:

1. ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా 10 కి.మీ. మామూలుగా.
2. తర్వాత 5 కి.మీ. టాప్ గేర్‌లో, ఒకే వేగంతో, యాక్సిలరేటర్ కదపకుండా.
3. వెనక ఎవరూ లేరని చూసుకుని క్లచ్ నొక్కి, వెంటనే తాళంచెవి ఒక్క మెట్టు వెనక్కి. చెవి బయటికి తీయొద్దు, స్టీరింగ్ లాక్ అవుతుంది. ఇంజన్ ఆగాక బ్రేకు బూస్టర్ రెండు మూడు నొక్కులకే పనిచేస్తుంది, ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి.
4. రోడ్డు పక్కకు దొర్లించి, ఇంజన్ చల్లారాక అక్కడే విప్పి, ఎండలో చూడాలి. ట్యూబులైటు కింద బూడిదరంగు, తెలుపు ఒకేలా కనిపిస్తాయి.

ముక్కు కొన కాదు, ముక్కు లోపల ఇనుముకు తగిలే అడుగు చూడాలి. అక్కడ ఒకటి, రెండింటిలో దారమంత గోధుమరంగు వలయం స్పష్టంగా ఉంది. మిశ్రమం సరిపోయింది, కార్బ్యురేటర్‌కు ఏ జబ్బూ లేదు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 1,820 (జెట్ 160, తిరుగుళ్ల పెట్రోల్ 400 కలిపి).

దశ 4: కంప్రెషన్

మూడోదానిలో ఆయిల్ ఎక్కడినుంచి వస్తోంది? కిందనుంచి రింగుల మీదుగానా, పైనుంచి వాల్వు గైడ్ (వాల్వు కాడ జారే గొట్టం) వెంటా? బోర్ చేయించాలా వద్దా అన్నది ఈ ప్రశ్న మీదే ఉంది.

కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నలుగుతుందో చూపే గేజ్, మరతో బిగించేది 850కి కొన్నా. మొదటి కొలతలు: 122, 118, 114 పీఎస్ఐ. గుండె జారింది. సాయంత్రం ఉస్తాద్ అడిగిన మొదటి ప్రశ్న, "రేస్ తొక్కి పట్టినవా సార్?" తొక్కలేదు. థ్రాటిల్ (గాలి తలుపు) మూసి ఉంటే సిలిండర్‌లోకి సరిపడా గాలి పోదు. బ్యాటరీ కూడా నీరసంగా ఉంది. చార్జి పెట్టి మర్నాడు మళ్లీ:

1. ఇంజన్ వేడిగా ఉండాలి. ఇక్కడ చల్లార్చే లెక్క కుదరదు, అందుకే ప్లగ్గులు ముందురోజే విప్పి, కొంచెం వదులుగా బిగించి ఉంచా.
2. మూడు ప్లగ్గులూ తీసేయాలి. కాయిల్‌కు వచ్చే సన్నవైరు పీకాలి, లేకపోతే పెట్రోల్ ఆవిరి దగ్గర రవ్వ పడుతుంది.
3. యాక్సిలరేటర్ పూర్తిగా నేలకు తొక్కి పట్టాలి. తమ్ముణ్ని కూర్చోబెట్టా.
4. ఒక్కోదానికి స్టార్టర్‌తో ఆరు కొట్లు, ముల్లు ఆగేదాకా.
5. తర్వాత ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ.

పొడిగా: 168, 165, 162.
ఆయిల్ పోశాక: 176, 172, 171.

మూడింటికీ పెద్ద తేడా లేదు. రింగులు అరిగిపోయి ఉంటే మూడోది పొడిగా బాగా తక్కువ చూపి, ఆయిల్ పోయగానే ఎగిరేది.

సంబరపడి ఉస్తాద్‌కు చూపిస్తే ఆయన తల ఊపలేదు. "కంప్రెషన్ రింగులు మంచిగున్నయ్ సరే. ఆయిల్ రింగు ఇరుక్కుంటే గేజ్‌ల కనవడదు సార్." ఆయన మాట నిజం. పిస్టన్ మీద అడుగున ఉండే ఆయిల్ రింగు పని గోడ మీది ఆయిల్ గీకడం, గాలిని పట్టడం కాదు. అది కార్బన్‌లో ఇరుక్కుపోయినా గేజ్ ముల్లు బాగానే లేస్తుంది. కంప్రెషన్ బాగుంది కాబట్టి రింగులన్నీ బాగున్నట్టే అని రాసేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 2,670.

దశ 5: చుక్క, వాలు

మిగిలిన సాక్ష్యాలు రెండు.

మొదటిది మార్కర్ చుక్క. మూడో ప్లగ్గు అంచు చుట్టూ ఆయిల్ సమానంగా లేదు. చుక్క ఉన్న వైపు, అంటే ఇన్‌లెట్ వాల్వు వైపు, తడిగా, మందంగా, జామ్ పూసినట్టు ఉంది. ఎదుటి వైపు దాదాపు పొడి. కిందనుంచి ఆయిల్ ఎక్కితే ఇలా ఒకే పక్కకు పట్టదు.

రెండోది పొగ ఎప్పుడు వస్తుందన్నది. ఎక్కుడు మీద రేస్ ఇస్తున్నంతసేపూ పొగ వస్తే రింగుల మీద అనుమానం. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ తొక్కగానే గుప్పుమంటే వాల్వు సీళ్ల (వాల్వు కాడ మీద ఆయిల్‌ను ఆపే రబ్బరు టోపీలు) మీద. థ్రాటిల్ మూసినప్పుడు ఇన్‌లెట్ గొట్టంలో పీల్పు బాగా పెరుగుతుంది. పాడైన సీలు మీదుగా ఆయిల్ గైడ్ వెంట కిందికి జారి, తొక్కగానే కాలి పొగవుతుంది.

నల్గొండ చుట్టూ నాకు తెలిసిన మంచి దిగుడు నాగార్జునసాగర్‌లో హిల్ కాలనీ నుంచి పైలాన్ కాలనీకి దిగే రోడ్డు. తమ్ముణ్ని కింద నిలబెట్టి, మూడో గేర్‌లో కాలు తీసేసి దిగి, కిందికి రాగానే తొక్కా. నాలుగు సార్లు చేస్తే నాలుగు సార్లూ నీలం గుప్పు వచ్చింది, రెండు మూడు సెకన్లలో పోయింది. తిరిగి ఎక్కేటప్పుడు ఒక్కసారీ రాలేదు. రాత్రంతా నిలబడ్డ బండి పొద్దున ఒక్కసారి పొగ కక్కడానికీ ఇదే కారణం, రాత్రంతా ఒక్కో చుక్కా జారి చేరింది.

ఉస్తాద్ వీడియో రెండుసార్లు చూశాడు. "అయితే హెడ్ ఒక్కటే దించుదాం. పిస్టన్ చూసినంక మాట్లాడుదాం" అన్నాడు. నాకు కావాల్సిన మాట అదే.

దశ 6: హెడ్ దించాక

మూడో పిస్టన్ తల మీద కార్బన్ అంచు దాకా పొడిగా, గట్టిగా ఉంది. రింగుల మీదుగా ఆయిల్ ఎక్కితే అంచు వెంట కడిగినట్టు శుభ్రమైన పట్టీ కనిపిస్తుంది. ఇక్కడ లేదు. బోరు గోడల మీద హోనింగ్ గీతలు (తయారీలో గోడకు పెట్టే సన్నటి గీతలు) ఇంకా కనిపిస్తున్నాయి. మూడో ఇన్‌లెట్ వాల్వు వెనక భాగం మాత్రం బొగ్గు ముద్ద. ఒకటి, రెండు వాల్వుల వెనక సన్నటి పొర మాత్రమే.

సీళ్లు ఆరూ ప్లాస్టిక్‌లా గట్టిపడి ఉన్నాయి. మూడో ఇన్‌లెట్ సీలు చుట్టూ ఉండాల్సిన సన్నటి స్ప్రింగు ఊడి పక్కన పడి ఉంది. ఉస్తాద్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

ఖర్చులు:
వాల్వు సీళ్ల సెట్టు 350
హెడ్ గ్యాస్కెట్ కిట్టు 1,100
లేత్ షాపులో వాల్వు గ్రైండింగ్, హెడ్ శుభ్రం 1,500
టైమింగ్ బెల్టు 450 (ఎలాగూ విప్పారు, పాతది తిరిగి వేయడం నాకు ఇష్టం లేదు)
ఆయిల్ 1,100, కూలెంట్ 350
ఉస్తాద్ కూలి 2,500

మొత్తం 7,350.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 10,020.

ప్లగ్గులు బిగించేటప్పుడు షెడ్డు పిల్లగాడి చేతిలోంచి సాకెట్ తీసుకుని నేనే బిగించా. ముందు చేత్తోనే చివరిదాకా తిప్పాలి, మర సరిగా పడిందని చేతికి తెలుస్తుంది. కొత్త వాషర్ అయితే అక్కడినుంచి సాకెట్‌తో అర చుట్టు లేదా కొంచెం పైన. ఒకసారి నలిగిన వాషర్ అయితే గడియారంలో ఒక గంట తేడా అంత చాలు. హెడ్‌లో మర పోతే నా పది వేల లెక్క అంతా తలకిందులే.

దశ 7: 1,200 కిలోమీటర్ల తర్వాత

పొద్దున పొగ లేదు. సాగర్ వాలు మీద మళ్లీ నాలుగు సార్లు దిగా, లేదు. 1,200 కిలోమీటర్లకు పోసిన ఆయిల్ 150 మి.లీ.

ప్లగ్గులు:
ఒకటి: ముక్కు లేత బూడిదరంగు, పొడి, గ్యాప్ 0.80.
రెండు: అదే, గ్యాప్ 0.80.
మూడు: పొడి. రంగు మిగతా రెండింటికంటే ఒక ఛాయ ముదురు. ఇన్‌లెట్ వైపు ఇనుప అంచు మీద బియ్యపుగింజంత తెల్లబూడిద. ఆయిల్‌లోని మందులు కాలాక మిగిలే బూడిద అది.

ఆ బియ్యపుగింజ దగ్గరే నా అనుమానం ఆగి ఉంది. లేత్ షాపులో మూడో ఇన్‌లెట్ వాల్వును గైడ్‌లో పెట్టి ఊపితే మిగతావాటికంటే కొంచెం ఎక్కువ ఆడింది. గైడ్ మార్చాలా అని అడిగితే "ఇంకా నడుస్తది" అన్నారు, మార్చలేదు. ఆడే వాల్వు కొత్త సీలును కూడా తొందరగా తినేస్తుంది. అందుకే ఈసారి ప్లగ్గు తోమలేదు, బూడిదను అలాగే ఉంచి, ఫోన్‌లో ఫొటో తీసి, బిగించి, చుక్క మళ్లీ పెట్టా. ఇంకో 2,000 కిలోమీటర్లకు విప్పుతా. గింజ గింజగానే ఉంటే గైడ్ జోలికి పోను. అంచు చుట్టూ పాకితే హెడ్ మళ్లీ దించాలి. దానికి 3,500 పక్కన పెట్టా.

పాత 4 నంబరు ప్లగ్గును ఉస్తాద్ అడిగి తీసుకున్నాడు. షెడ్డులో పిల్లలకు నంబరు చదవడం నేర్పాలట.